పాచి

పోయిన శ్రావణంలో ఒక శుక్రవారం పేరంటానికని పట్టుచీర కట్టుకుని కారెక్కాను. ఎక్కినదాన్ని ఎక్కినట్టే దిగాను. వెనక సీటు వానలో మర్చిపోయిన పరుపులా నీళ్లు పీల్చుకుని ఉంది. చీర వెనకాల అరటాకంత మేర తడిసింది. ఇక లోపల వాసనంటారా, మూతపెట్టి మర్చిపోయిన పచ్చడి జాడీ తీసినప్పుడు వస్తుందే, అదే. తలెత్తి చూద్దును కదా, కప్పు లోపలివైపు అతికించిన తెల్లటి గుడ్డ మీద గోధుమరంగు మరక ఒకటి, ఏదో దేశం పటంలా, మూల నుంచి మధ్యకి పాకి ఉంది. ఆ పైన అద్దం చుట్టూ ఉన్న నల్ల రబ్బరు పట్టీ సగం పచ్చగా, సగం మసిచుక్కలు పడ్డట్టు, మా అమ్మమ్మగారి ఊళ్లో నూతిగట్టులా తయారయింది.

ఆ అద్దం సంగతి ముందు చెప్పాలి. మూడేళ్ల క్రితం కారు కొనేటప్పుడు, పైకప్పుకి కిటికీ ఉన్న కారే కావాలని మావాడు పంతం పట్టాడు. సన్‌రూఫ్ లేకపోతే అది కారే కాదన్నాడు. విశాఖపట్నంలో ఎండాకాలం కప్పు తెరిస్తే మాడు పెనంలా కాలుతుంది. వానాకాలం తెరవలేం. చలికాలమని ఒకటి సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లకి సరిగ్గా రానే రాదు. నిజం చెప్పొద్దూ, మూడేళ్లలో నాలుగుసార్లు తెరిచి ఉంటాం. అందులో ఒకటి అరకు వెళ్లినప్పుడు. మిగతా మూడూ చుట్టాలకి చూపించడానికి.

వేసవిలో మావారికి నడుం పట్టేసి, డాక్టరు మూడు నెలలు కారు తోలవద్దన్నారు. మావాడు హాస్టల్లో ఉన్నాడు. నాకు తోలడం రాదు. అందుకని కారు మా అపార్టుమెంటు ప్రహరీ పక్కన కానుగచెట్టు నీడన నిలబడిపోయింది. కానుగపూలు రాలుతుంటే మీరు చూశారో లేదో, నేల మీద మరమరాలు పోసినట్టుంటుంది. ఆ చెట్టు గురించి నా నవల్లో ఒక పేజీ నిండా రాశాను కూడా. ఆ పూలు కారు మీద పడితే తర్వాత ఎక్కడికి పోతాయన్నది మాత్రం ఆ పేజీలో లేదు.

ఇక ఆ శుక్రవారం సంగతి. కారు దిగిన నాకు రెండు కార్ల అవతల, బకెట్టూ గుడ్డా పట్టుకుని కార్లు కడిగే కుర్రాడు కనిపించాడు. పంతొమ్మిదేళ్లుంటాయేమో, నా భుజం దాకా వస్తాడు. రోజూ పొద్దున్నే వచ్చి ఏడు కార్లు తుడుస్తాడు. కారుకి నెలకి ఆరువందలు. నడిచినా నడవకపోయినా మా కారూ తుడుస్తూనే ఉన్నాడు.

"నెలనెలా డబ్బులు తీసుకోవడానికి తెలుసు గానీ, కారు కప్పు మీద పాచి పట్టి లోపలికి వాన కురుస్తుంటే కనబడలేదూ? కళ్లు నెత్తికెక్కాయా?" అన్నాను.

తరవాత ఆలోచిస్తే ఆ మాటకి నాకే నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. నిజంగా వాడి కళ్లు నెత్తి మీద ఉంటే ఆ కప్పు కనబడి ఉండేదే. ఉన్నచోట ఉండబట్టే కనబడలేదు. మా కారు ఎత్తుది. కింద నిలబడి వాడు చెయ్యి చాస్తే కప్పు అంచు అందుతుంది, అంతే.

వాడు గుడ్డ పిండుకుంటూ, "తప్పయిపోనాదమ్మా" అన్నాడు. ఇంకేం అనలేదు. ఏదైనా ఎదురు చెప్పి ఉంటే నేను ఆగేదాన్నేమో. తప్పు ఒప్పుకునేసరికి నా కోపానికి పట్టా రాసిచ్చినట్టయింది. రేపటి నుంచి మా కారు ముట్టుకోనక్కర్లేదన్నాను. నా గొంతు మూడో అంతస్తు దాకా వెళ్లిందని బాల్కనీల్లో తలలు కనబడ్డాక గానీ నాకు తెలియలేదు. ఆ నెలాఖరుకి మొదటి అంతస్తువాళ్లూ, మూడో అంతస్తువాళ్లూ వాణ్ణి మానిపించారు. "ఆవిడ కథలు రాసే మనిషి, ఊరికే ఒకరిని మాట అనదు" అని ఒకావిడ అందట. మెచ్చుకోలుగానే అంది పాపం.

సోమవారం మావాడూ నేనూ కారుని ఆటోనగర్‌లో ఒక పెద్దాయన షెడ్డుకి తీసుకెళ్లాం. ఆయన కప్పు తెరిచి, వేలు పెట్టి చూసి, "రబ్బరు బాగానే ఉందమ్మా" అన్నాడు. బాగుంటే నీళ్లెలా వచ్చాయన్నాను. అప్పుడాయన చెప్పిన సంగతి విని నేను నిజంగా తెల్లబోయాను.

ఆ రబ్బరు పట్టీ నీళ్లని పూర్తిగా ఆపడానికి పెట్టింది కాదట. కదిలే అద్దానికీ కదలని కప్పుకీ మధ్య ఎంత బిగించినా కాస్త నీరు దిగుతూనే ఉంటుంది. ఆ సంగతి కారు చేసినవాడికి ముందే తెలుసు. అందుకని రబ్బరు కింద చుట్టూ ఒక కాలవ పెట్టాడు. కాలవ మూలల్లో రంధ్రాలు, వాటికి సన్నటి గొట్టాలు. అవి కారు స్తంభాల లోపలి నుంచి దిగి చక్రాల దగ్గరో, తలుపు సందుల దగ్గరో నీళ్లు వదిలేస్తాయి. మనకి కనిపించేది రబ్బరు. కారుని కాపాడేది ఆ గొట్టాలు. మా కారులో వెనక మూల రంధ్రం పూర్తిగా పూడిపోయింది. కానుగపూలు కుళ్లి, దుమ్ము కలిసి, పాచితో ముద్దయి బిరడాలా కూర్చున్నాయి.

పెద్దాయన మెత్తటి నైలాను తీగ ఒకటి దూర్చి మెల్లిగా తిప్పాడు. గాలి పంపుతో ఊదెయ్యొచ్చు కదా అన్నాడు మావాడు. గట్టిగా ఊదితే లోపల గొట్టం అతుకు ఊడుతుంది, అప్పుడు కప్పు గుడ్డంతా విప్పాలి అన్నాడాయన. తరవాత టీగ్లాసుతో నీళ్లు తెచ్చి ఆ మూలలో పోశాడు. మేమందరం వంగి కారు కింద చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి వెనక చక్రం పక్కన బొట్టు బొట్టుగా నల్లటి నీళ్లు దిగాయి. ఆ సంతోషం ఏమిటో చెప్పలేను.

రబ్బరు కూడా శుభ్రం చెయ్యమంటే ఆయన నవ్వేశాడు. "దీనికి నాకు డబ్బులిస్తారేటమ్మా? కార్లు కడిగే కుర్రాడుంటాడు కదా, వాడికో స్టూలిచ్చి చెప్పండి, నెలకోసారి తుడుస్తాడు."

స్టూలు! మూడేళ్లలో ఆ మాట మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

మన భాషలో పాచి అన్న మాటకి ఎన్ని అవతారాలో. పొద్దున్నే కడగని నోరు పాచినోరు. నిలవున్న అన్నం పాచిపోతుంది. వానాకాలం మెట్ల మీద జారేది పాచి. తెల్లారి అంట్లు తోమడం, వాకిలి ఊడవడం పాచిపని. అది చేసే మనిషి పాచిపని మనిషి. బూజు కూడా అంతే. ఆవకాయ మీద పట్టినా, గది మూల వేలాడినా మనకి ఒకటే మాట. మురికికీ ఆ మురికి తీసే మనిషికీ ఒకే పేరు పెట్టుకుని మనం ఎంత కాలంగా కాపరం చేస్తున్నామో ఎప్పుడైనా ఆలోచించారా? నేను ఆలోచించలేదు. ఆ ఆదివారం నా చేతికి అంటుకుంటే గానీ.

ఆదివారం వంటింటి స్టూలు నేనే మోసుకెళ్లాను. సలహాలకి మాత్రం కరువు లేదు. మెట్ల మీద చల్లినట్టు బ్లీచింగ్ పౌడరు చల్లెయ్యమ్మా అన్నారు ఎదురింటి పిన్నిగారు. వాచ్‌మన్ కిరసనాయిలన్నాడు. ఇంకొకావిడ, తుడిచాక కొబ్బరినూనె రాయండి, నిగనిగలాడుతుంది అంది. మూడూ తప్పే. బ్లీచింగు రబ్బరుని ముసలిదాన్ని చేస్తుంది, కారు రంగు పాడుచేస్తుంది, అది ఒలికిన చోట ఇనుముకి తుప్పు పట్టిస్తుంది. కిరసనాయిలూ పెట్రోలూ మరీ ప్రమాదం. ఇలాంటి పట్టీలు సాధారణంగా చెట్టుపాల రబ్బరుతో చెయ్యరు. ఇథిలీన్, ప్రొపిలీన్ అనే వాయువుల నుంచి చేసే ఇ.పి.డి.ఎం. అనే రబ్బరు అది. 1963లో నోబెల్ బహుమతి పంచుకున్న జీగ్లర్, నట్టాల పరిశోధన వల్ల సాధ్యమైన సరుకు. ఎండకి, వానకి ఏళ్లతరబడి ఓర్చుకుంటుంది. పెట్రోలు జాతి నూనె తగిలితే మాత్రం ఉబ్బి మెత్తబడిపోతుంది. ఇక కొబ్బరినూనె రాస్తే దుమ్ము అంటుకుంటుంది, బూజుకి విందు పెట్టినట్టవుతుంది. ఇవన్నీ మావాడు చదివి చెప్పాడు. ఇంజనీరింగు చదువు మా ఇంటికి అక్కరకొచ్చిన మొదటి రోజది.

ముక్కుకి కొంగు చుట్టుకున్నాను, బూజు దుమ్ము ఊపిరిలోకి పోకూడదని. ముందు పూలూ ఆకులూ చేత్తో ఏరాను. గోరువెచ్చటి నీళ్లలో నాలుగు చుక్కల షాంపూ వేసి, పాత పళ్ల బ్రష్షుతో, పట్టీ పొడుగునా, అడ్డంగా కాకుండా, మెల్లిగా తోమాను. పట్టీ మీద మఖమల్ లాంటి నూగు ఉంటుంది, గీకితే అది పోతుంది. పెదవిలా మడతపడిన అంచు కింద వేలికి గుడ్డ చుట్టుకుని తుడిచాను.

పచ్చటిది వెంటనే ఊడింది. నల్లటిది ఊడలేదు. రెండూ ఒకటి కావు మరి. పచ్చటిది నాచు. వెలుతురూ తేమా ఉంటే తన అన్నం తానే వండుకుంటుంది, రబ్బరు జోలికి పోదు. కాకపోతే తడిని పట్టుకుని కూర్చుంటుంది. నల్లటిది బూజు. దానికి వంట రాదు. పుప్పొడి, దుమ్ము, పిట్టల రెట్ట, ఏది దొరికితే అది తిని బతుకుతుంది, వేళ్లలాంటి పోగులు లోపలికి దింపుతుంది. ఇవి రెండూ కలిసి కాపరం చేస్తే ఏమవుతుందో తెలుసా? రాళ్ల మీద, చెట్ల మీద పట్టే లైకెన్ అవుతుంది. అది ఒక జీవి కాదు, రెండు జీవుల కాపరమని 1867లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు ష్వెండెనర్ చెబితే తోటివాళ్లు చాలామంది ఒప్పుకోలేదు. మనం మసాలాలో వేసే రాతిపువ్వు అదే. కిరాణా కొట్లో గ్రాముల లెక్కన కొని బిరియానీలో వేసుకుంటాం. కారు మీద దాని చుట్టాలు కనబడితే మనిషిని నిలబెట్టి తిడతాం.

నల్లటిదానికి వెనిగర్ సగం, నీళ్లు సగం కలిపి గుడ్డతో అద్ది, పది నిమిషాలు ఆగి తుడిచాను. మళ్లీ అద్దాను. (మీరెవరైనా చేస్తే, బ్లీచింగు వాడిన చోట పొరపాటున కూడా వెనిగర్ పొయ్యకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది, ప్రాణాల మీదకి వస్తుంది.) మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, సిలికాన్ గ్రీజు వేలితో పల్చగా రాశాను. రెండు గంటలు పట్టింది. కొన్ని నల్లచుక్కలు పోలేదు. బూజు చచ్చినా మరక ఉండిపోతుందట.

ఆ రెండో గంటలో, స్టూలు మీద నిలబడి, ఆ పచ్చటి నీళ్లు మోచేతి మీదుగా కారుతుంటే, ఆషాఢంలో ఒక పొద్దుట సంగతి గుర్తొచ్చింది. గుర్తురావడమంటే, ఎవరో వెనక నుంచి పిలిచినట్టయింది.

వారపత్రికకి సీరియల్ ప్రకరణం పంపాల్సిన రోజది. కాలింగు బెల్లు మోగితే విసుక్కుంటూ తలుపు తీశాను. ఆ కుర్రాడు. చేతిలో బకెట్టుంది. "అమ్మా, మీ కారు పైన రబ్బరు పచ్చగా అయిపోనాదమ్మా. ఓపాలి సూడండి" అన్నాడు. "సరేలే, తరవాత చూద్దాం" అని తలుపు వేసుకున్నాను. ఆ ప్రకరణంలో నా కథానాయిక, ఎవరి మాటా చెవిని పెట్టని మామగారిని నిలదీస్తోంది. బాగా వచ్చిందని పాఠకులు ఉత్తరాలు కూడా రాశారు.

అంటే వాడికి కనబడింది. కింది నుంచి మెడ నిక్కించి, అందినంత చూశాడు. మూడంతస్తులు ఎక్కి వచ్చి చెప్పాడు. శ్రావణంలో నేను కేకలేస్తుంటే, "ముందే చెప్పాను కదమ్మా" అని మాత్రం అనలేదు.

మావారితో చెబితే, "అయినా వాడు ఒక స్టూలు అడగొచ్చు కదా" అన్నారు. అది తీసిపారేసే మాట కాదు. బి.ఏ.లో నేను ఫిలాసఫీ చదివాను. చదివానంటే, పాసయ్యాను. చెయ్యగలిగిన పనిని గురించే "చేసి ఉండాల్సింది" అనే హక్కు మనకుంటుందని, కాంట్ ఆలోచన అదేనని, మా లెక్చరరు గారు చాక్‌పీసుతో బల్ల మీద కొట్టి మరీ చెప్పేవారు. స్టూలు లేనివాడు కప్పు తుడవలేడు, సరే. స్టూలు అడగగలడా అంటే? నోరుంది కాబట్టి అడగగలడు అంటారు మావారు. ఆ నోటితో వచ్చి ఒక మాట చెబితే జరిగింది తలుపు మూసుకోవడం. ఇంకోసారి ఎక్కొచ్చి స్టూలు అడగడం వాడికి ఎంత ఎత్తో, కారు కప్పు కన్నా ఎత్తో కాదో, నేను ఎలా కొలవను?

నాకు తెలియక అన్నాను అని సరిపెట్టుకుందామని చూశాను. అక్కడ అరిస్టాటిల్ అడ్డొచ్చాడు. తాగి తప్పు చేసినవాడికి శిక్ష రెట్టింపు వేస్తారని ఆయన నికొమాకియన్ ఎథిక్స్‌లో రాశాడు. తాగకుండా ఉండడం వాడి చేతిలో పనే కాబట్టి, తెలియని స్థితి వాడు తెచ్చుకున్నదే కాబట్టి. నేను తాగలేదు. సీరియల్ రాస్తున్నాను. తేడా ఎంతో మీరే చెప్పండి.

మర్నాడు పొద్దున్న కిందికి దిగి వాడి దగ్గరికి వెళ్లాను. తిట్టిన రోజు మూడంతస్తులు వినబడిన గొంతు ఆవేళ నాకే సరిగ్గా వినబడలేదు. "నువ్వు ముందే చెప్పావు, నేనే మర్చిపోయాను. తప్పు నాదే" అన్నాను. వాడు "పరవాలేదమ్మా" అని బకెట్టు తీసుకుని మా కారు దగ్గరికి నడిచాడు. ఒప్పుకున్నట్టో, తప్పించుకున్నట్టో తెలియలేదు.

మాట మళ్లీ వెనక్కి తియ్యాలి కదా అని మొదటి అంతస్తుకి వెళ్లాను. ఆవిడ కాఫీ ఇచ్చి, అంతా విని, "అయ్యో, ఇప్పుడెలాగండీ? వాచ్‌మన్ బావమరిదిని పెట్టుకున్నాం. ఇద్దరు పిల్లలతో వచ్చాడు ఊరి నుంచి" అంది. ఏం చెప్పను? నా మాట వల్ల ఒకడి చేతిలో నుంచి పోయిన ఆరువందలు ఇంకొకడి ఇంట్లో పాలకీ బియ్యానికీ చేరాయి. ఇప్పుడు న్యాయం చెయ్యమని పట్టుబడితే, ఏ పాపం ఎరగని రెండోవాడి మీద ఆ న్యాయం పడుతుంది. కాఫీ తాగి వచ్చేశాను. ఈ సంగతి నాకు ఇంకా తేలలేదు.

మూడో అంతస్తావిడ లెక్కల మనిషి. "సరేనండి, రమ్మనండి. కాని అయిదువందలకే" అంది. బతిమాలినా పెంచలేదు. అందుకని మా కారుకి నేను ఏడువందలు చేశాను. నెలకి నూరు రూపాయలతో నా లెక్క సరిపోయిందని కాదు. సరిపోలేదని ప్రతి నెలా ఒకటో తారీకున గుర్తుండడానికి. వాడు ఎందుకని అడగలేదు, వద్దనలేదు, లెక్కపెట్టుకోకుండా జేబులో వేసుకున్నాడు. అదే మంచిదయింది. వద్దని ఉంటే నేను వాడి మంచితనం మీద ఒక కథ రాసేసి హాయిగా నిద్రపోయేదాన్ని.

ఇప్పుడు మెట్ల కింద ఒక స్టూలుంది. కాళ్లకి రబ్బరు బూట్లు తొడిగించాను, జారకుండా. నెలకోసారి వాడు అదెక్కి పట్టీ తుడుస్తాడు, మూలల్లో గ్లాసుతో నీళ్లు పోసి కింద కారాయో లేదో చూస్తాడు. ఈ పని నేను చెప్పిన దానికన్నా బాగా చేస్తున్నాడు. కారుని కానుగచెట్టు కింద నుంచి జరిపించాం. ఆ చోటు ఇప్పుడు స్కూటర్లది.

నిన్న సాయంత్రం వాచ్‌మన్ బెల్లు కొట్టాడు. "వెనక చక్రంలో గాలి తగ్గిందంటమ్మా, ఆ కుర్రాడు మీకు చెప్పమన్నాడు" అన్నాడు. సరేనని తలుపు వెయ్యబోతూ కిందికి తొంగిచూశాను. కుర్రాడు ఒక అంతస్తు కింద, మెట్ల మలుపులో, బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు.